కొమురెల్లి వేలు, మా ఆవిడ పాట

కొమురెల్లి గురించి రెండు పేజీలు రాసివ్వమని మా కాలనీ సంఘం కార్యదర్శి వెంకటరామయ్య గారు నెల రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నారు. సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయట. చిన్న పుస్తకం వేస్తారట. డ్రైనేజీ లైను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినాయన మీద ఒక వ్యాసం, బడి పంతులమ్మ మీద ఒకటి, మైకుసెట్టు కొమురెల్లి మీద ఒకటి. "ఆయన సంగతి మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసండీ ఫణీంద్ర గారూ, మీరిద్దరూ ఒకే లైను కదా" అన్నారు.

ఒకే లైనట. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనది మైకుసెట్టు, నాది స్టూడియో. నాచారంలో మా ఫ్లాటులో వెనక గది గోడలకి నా చేతుల్తో నేనే స్పాంజి పలకలు అతికించాను. మంచి మైకు కొన్నాను, కంప్యూటర్‌లో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. పగలు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తానే కావచ్చు, సాయంత్రం ఆరు దాటితే కాలనీలో నేను స్టూడియో సారుని. పదిహేనేళ్ళు అలాగే పిలిచారు. ఇప్పుడెవరూ పిలవడం లేదు. ఎందుకు పిలవడం లేదో రాయమంటే అదే కొమురెల్లి జీవిత చరిత్ర అవుతుంది.

సరే, రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నచ్చకపోతే వెంకటరామయ్య గారు చించి పారెయ్యొచ్చు.

కొమురెల్లిది ఉప్పల్ పాత ఊరు. మెట్రో స్టేషన్ వెనకాల, రింగురోడ్డు హోరు దాటి లోపలికి వెళితే ఇంకా ఒక ఊరుంది. అక్కడి సందుల్లో పుట్టాడు. వాళ్ళ నాన్న కూరగాయలు పండించేవాడు. ఆ నేల ప్లాట్లయిపోయాక కొమురెల్లి మైకుసెట్టు పని నేర్చుకుని, శంకరమ్మని పెళ్ళి చేసుకున్న ఏడాదే సొంత సెట్టు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళు, బోనాలు, కీసర జాతర, ఓట్ల మీటింగులు. ఎడమచేతి చిటికెన వేలు స్పీకరు డబ్బా కింద పడి వంకరపోయింది. దాన్ని కూడా పనికి వాడుకుంటాడు. మిగతా వేళ్ళు బటన్ల మీదుంటే, ఆ వంకర వేలు ఎత్తి జనాన్ని ఆగమంటాడు.

మా కాలనీకి ఇరవై ఏళ్ళుగా ఆయనే మైకు. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకామె ముందు పాడుతుంది, మిగతావాళ్ళంతా అందుకుంటారు. వేరే మైకువాళ్ళు అందరికీ ఒకే సౌండు పెట్టి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళిపోతారు. ఈయన వెళ్ళడు. మిక్సరు ముందు కూర్చుని, పైకీ కిందికీ జరిపే ఫేడర్ మీద వేలు ఆనించి, ముందు పాడే ఆమె నోటివంకే చూస్తూ ఉంటాడు. ఆమె గొంతు ఎత్తుకునేసరికి అది ఎక్కడుండాలో అక్కడుంటుంది. గుంపు అందుకునేసరికి గుంపు లేస్తుంది. ఆడవాళ్ళ మొహాల్లోకి అలా గుచ్చి గుచ్చి చూడ్డమేమిటని నాకు చిరాకు వేసేది. ఒకసారి మా ఆవిడతో అన్నాను కూడా. ఉదయశ్రీ నవ్వింది.

అంతటితో పోతే బాగుండేది. మూడేళ్ళ కిందట బతుకమ్మలో మా ఆవిణ్ణి ముందు పాడమన్నారు. మాది రేపల్లె వైపు, ఆవిడకి ఇక్కడి పాటలు ఇక్కడికొచ్చాక వచ్చినవే. భయపడుతూ పాడింది. ఇంటికొచ్చి గజ్జెలు విప్పిన పిల్లలా మంచం మీద కూలబడి, "ఏమండీ, ఆయన మైకులో పాడితే నా గొంతు నాదే అనిపించింది" అంది.

అంటే నా స్టూడియోలో పాడితే ఎవరిదనిపిస్తుంది? ఆ రోజు రాజుకున్న మంట ఇంతవరకూ ఆరలేదు.

మా అత్తగారు ఒక మంగళహారతి పాడేవారు. ఆవిడ కట్టుకున్న పాటే, ఏ పుస్తకంలోనూ లేదు. 'దీపమెత్తిన చెయ్యి దించకే తల్లీ' అని మొదలవుతుంది. ఆవిడ పోయాక ఆ పాట ఉదయశ్రీకి మాత్రమే మిగిలింది. అది రికార్డు చేసిపెట్టమని పెళ్ళాం మొగుణ్ణి అడగడంలో తప్పేముంది? చేసిపెట్టడంలో కష్టమేముంది? పదకొండు సార్లు పాడించాను. ఒకసారి శ్రుతి తగ్గిందన్నాను, ఒకసారి ఊపిరి వినబడిందన్నాను, మూడో చరణంలో ప్రతిసారీ గొంతు వణుకుతోందని ఆపేశాను. మౌసుతో ముక్కలు కోసి అతికిస్తూ కూర్చున్నాను. ఆ పాట నా కంప్యూటర్‌లో నలభై ముక్కలుగా పడి ఉంది. రెండేళ్ళ కిందట ఆవిడ నా గదిలోకి రావడం మానేసింది. "అయ్యాక చెప్పండి, వింటాను" అంది.

పోయినేడాది ఎండాకాలంలో ఒక ఆదివారం కొమురెల్లి మా ఇంటికి వచ్చాడు. పెళ్ళిళ్ళకి గోడలు అదిరే డీజే బాక్సులు వచ్చాక పాత మైకుసెట్టుకి గిరాకీ పడిపోయింది. ఆయన కూతురు హరిత పోచారంలో కంప్యూటర్ కంపెనీలో చేస్తుంది. తన పాత ల్యాప్‌టాప్ తండ్రికిచ్చి, పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ వేసిపెట్టింది. ఊళ్ళో ముసలమ్మల పాటలు పోకముందే పట్టిపెట్టాలని ఆయన కోరిక.

"అన్నీ ఎరికైనయ్ సారు. గా మౌస్ తోటే ఐతలేదు" అన్నాడు. "మౌస్ పట్టుకుంటె చెయ్యి గుడ్డిదైతాంది. పాట ఉరుకుతాంటది, నేను బాణం గుర్తు ఏడుందో దేవులాడుతుంట. ఏలుతోటి జరిపేటియి దొరుకుతయంట గదా, కంప్యూటర్‌కు తగిలిచ్చుకునేటియి. నా తాహతుకు తగ్గట్టు ఏది కొనాల్నో జర జెప్పున్రి. మీకు తెల్వందేముంది."

నిజమే, నాకు తెలియనిదేమీ లేదు. ఆయన కొనగలిగినవి మూడే మూడు. సికింద్రాబాద్‌లో పాత సామాను కొట్లో దొరికే పెద్ద పెట్టె ఒకటి. దానికి వాటంతటవే కదిలే ఎనిమిది మోటారు ఫేడర్లుంటాయి గానీ కాలం చెల్లినది, కొత్త కంప్యూటర్లు దాన్ని గుర్తుపట్టవు. రెండోది అన్నిటికన్నా చవక. సన్నటి పలక మీద ఎనిమిది ఫేడర్లు, ఒక్కోటి చిటికెన వేలంత. మోటార్లుండవు. అంటే కంప్యూటర్‌లో గొంతు ఎంత ఎత్తులో ఉందో ఈ పెట్టెకి తెలియదు. నిన్నటి పాట ఇవాళ తెరిచి ఫేడర్ ముట్టుకుంటే చాలు, గొంతు ఎగిరి ఎక్కడికో పడుతుంది. మూడోది ఒంటి ఫేడర్ పెట్టె. ఒక్కటే ఫేడర్, కానీ అర జానెడు పొడవు, లోపల మోటారు. ఏ గొంతు ఎంచుకుంటే ఆ గొంతు ఉన్న ఎత్తుకి తనే వెళ్ళి నిలబడుతుంది. వేలితో జరిపినదంతా గుర్తుపెట్టుకుని, తర్వాత మనిషి ముట్టుకోకుండానే అలాగే కదిలి చూపిస్తుంది. రెండోదానికన్నా కొంచెమే ఎక్కువ ధర. ఒకసారికి ఒకే గొంతు మీద ప్రాణం పెట్టే కొమురెల్లి లాంటివాడి కోసమే పుట్టింది అది.

ఇదంతా నాకు ఒక్క క్షణంలో తట్టింది. "ఆ ఎనిమిది ఫేడర్లది తీసుకో కొమురెల్లీ. చవక. పైగా ఎనిమిది ఉంటాయి" అన్నాను.

"ఒంటిది గూడ ఉంటదట గదా సారు."

"ఒక్క ఫేడర్‌తో ఏం చేస్తావు? ఆటబొమ్మగా తప్ప పనికిరాదు."

చెబుతున్నప్పుడు నవ్వాను కూడా. ఉదయశ్రీ టీ తెచ్చిపెట్టింది. ఆయన రెండు చేతులతో గ్లాసు అందుకుని, "మీరు జెప్పినంక ఇంకేంది సారు, ఫికర్ లేదు" అన్నాడు.

కొన్నాడు. వారానికే ఫోను. "సారు, నేను దించిన కాడ ఉంటలేదు. ముట్టుకుంటనే ఎగిరి పడుతాంది." దానికి మందుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి నొక్కితే, ఫేడర్ గొంతు ఉన్న ఎత్తుకి చేరేదాకా పట్టుకోకుండా ఆగుతుంది. రెండు మాటల్లో చెప్పొచ్చు. "చెయ్యి అలవాటు పడాలి కొమురెల్లీ, తొందరపడితే ఎలా" అన్నాను.

ఓడిపోతాడనుకున్నాను. మూల పడేసి మళ్ళీ మౌసు పట్టుకుని గుడ్డివాడవుతాడనుకున్నాను. ఆ మనిషి ఏం చేశాడో వినండి. మైకుసెట్టువాడి ఇంట్లో పాత పెళ్ళిపత్రికలకి కరువేముంది? వాటిని పట్టీలుగా కత్తిరించాడు. పాట పూర్తయ్యాక ఫేడర్ల పక్కన పట్టీ ఆనించి, ఏ గొంతు ఎంత ఎత్తులో ఉందో అక్కడల్లా శంకరమ్మ బొట్టు బిళ్ళ అంటించాడు. పాటకొక పట్టీ. మళ్ళీ ఆ పాట తెరిచినప్పుడు, ముందు పట్టీ పెట్టి ఫేడర్లు బొట్ల దగ్గరికి జరుపుతాడు, ఆ తర్వాతే పాట ముట్టుకుంటాడు. ఎగిరి పడే సమస్యే లేదు. గోడకి మేకు కొట్టి ఆ పట్టీలన్నీ తాడుతో వేలాడదీశాడు. పెళ్ళికొడుకుల పేర్లు, పెళ్ళికూతుళ్ళ పేర్లు, మధ్యలో ఎర్ర బొట్లు. చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ.

వానాకాలం గడిచేసరికి ఉప్పల్ ముసలమ్మలు, రామంతాపూర్ భజన మండలి, చివరికి మా కాలనీ ఆడవాళ్ళు కూడా ఆయనింటికే. నా దగ్గర పాడి, నాలుగు వారాలు ఆగి, నేను సరిచేసిన పాట అందుకుని "బాగుందండీ" అని వెళ్ళేవాళ్ళు. ఆయన దగ్గర మధ్యాహ్నం పాడి సాయంత్రానికి ఫోనులో పాట పెట్టుకుని వస్తున్నారు. మెట్ల మీద వింటున్నారు, లిఫ్టులో వింటున్నారు. నేను ఎదురుపడితే ఆపేస్తున్నారు, రోగి ముందు విందు సంగతి ఎత్తనట్టు.

నేను విన్నాను. దొంగతనంగా, ఆఫీసులో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని. తప్పులు వెతికాను. ఫ్యాను చప్పుడుంది, ఎక్కడో మేక అరిచింది. పాట మాత్రం ప్రాణంతో ఉంది.

దసరాకి మా ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. ఉదయశ్రీ వెళ్దామంది. వెళ్ళేసరికి ముందుగదిలో ఆయుధపూజ జరుగుతోంది. స్పీకర్లు, పాత మిక్సరు, మైకులు, ల్యాప్‌టాప్, పక్కనే ఆ ఎనిమిది ఫేడర్ల పెట్టె, అన్నీ వరసగా పేర్చారు. శంకరమ్మ ఒక్కోదానికీ తడి పసుపు రాసి, కుంకం పెట్టి, దోసిలితో అక్షింతలూ కుంకమూ చల్లుతోంది. పాత మిక్సరుకి ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తోంది, దానికేమీ కాలేదు. దాని ఫేడర్లు జరిగే సన్నటి గాళ్ళకి రబ్బరు మూతలున్నాయి. ఈ చవక పెట్టెకి లేవు. గాళ్ళు తెరుచుకుని ఉంటాయి.

కుంకం జారి ఆ గాళ్ళలోకి దిగడం నేను చూశాను. మూడో ఫేడర్ గాడి ఎర్రగా నిండింది, ముందు పాడే గొంతుకి ఆయన ఉంచుకునేది అదే. హరిత ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది, కొమురెల్లి కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. చూస్తున్నది నేనొక్కణ్ణే. 'అమ్మా, దాని మీద గుడ్డ కప్పు' అంటే సరిపోయేది. నేనూ దండం పెట్టాను.

అన్నాల దగ్గర హరిత వడ్డిస్తూ మాట్లాడుతోంది. "అంకుల్, మోటార్‌ది ఒంటి ఫేడర్ ఉంటది కదా, నేను గదే కొనమన్న. ఫోటో గూడ చూపించిన. నాన్న నన్నే తిట్టిండు. ఇంట్ల స్టూడియో ఉన్న సారు జెప్పిండు, నీకేమెరుక అని. మీకెందుకు నచ్చలేదు అంకుల్ అది?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఉదయశ్రీ చెయ్యి విస్తరిలో ఆగిపోయింది. కొమురెల్లే అడ్డొచ్చాడు. "తిననియ్యవే సారును. నా తాహతు జూసే జెప్పిండు సారు." తర్వాత జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ గట్టిగా కావలించుకున్నాడు. ఆయన చొక్కాకి అగరొత్తుల వాసన.

తిరిగొస్తూ, స్కూటరు మీద హబ్సిగూడ దాటాక నాచారం మలుపులో ఉదయశ్రీ అడిగింది. "ఆ ఒంటి ఫేడర్ సంగతి మీకు తెలుసా, తెలియదా?"

"ఆ రోజు గుర్తు రాలేదు."

"మీరు మర్చిపోయే మనిషి కాదు" అంది. అంతే.

ఇక్కడ ఇంకెవరైనా సిగ్గుపడి ఊరుకుంటారు. నేను మర్నాడే ఆ ఒంటి ఫేడర్ పెట్టె నాకోసం తెప్పించుకున్నాను. ఆయన గొప్పంతా పెట్టెలోనే ఉందని, అంతకన్నా మంచి పెట్టె నా దగ్గరుంటే నేనూ అలాగే చేస్తానని నా లెక్క. తగిలించి ఉదయశ్రీ పాట ముక్కలు పెట్టాను. నేను మౌసుతో గీసిన గీతల ప్రకారం ఫేడర్ దానంతటది టకటకా ఎగిరింది, తోలుబొమ్మ చెయ్యిలా. నా వేలితో జరిపి చూశాను. గొంతు లేచాక నా వేలు లేచేది, గొంతు దిగాక దిగేది. ప్రతిసారీ బస్సు వెళ్ళిపోయాక స్టాపుకి చేరేవాడిలా. పది రోజులు ప్రయత్నించి పెట్టె తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టేశాను.

కార్తీకం దగ్గరపడింది. మా కాలనీ గుడిలో నెలంతా సాయంత్రం దీపాల వేళ వేయడానికి ఉదయశ్రీ హారతి పాట కావాలన్నారు. ఆవిడ నన్ను అడగకుండానే ఉప్పల్ బయల్దేరింది.

"ఇంట్లో స్టూడియో పెట్టుకుని ఊళ్ళోకి పోవడమేమిటి? పొరుగింటి పుల్లకూర రుచా?" అన్నాను.

"పదకొండు సార్లు పాడానండీ మీ స్టూడియోలో. ఒక్కసారైనా చివరిదాకా విన్నారా?"

"నీ గొంతు వణికితే నేనేం చెయ్యను?"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని చెప్పులేసుకుంది.

గంటన్నరలో తిరిగొచ్చింది. మొహం వాడిపోయి ఉంది. కొమురెల్లి పెట్టె పాడైపోయిందట. మూడో ఫేడర్ బిగుసుకుంది, మిగతావి ముట్టుకోకుండానే ఎగిరి పడుతున్నాయి. హరిత విప్పి చూస్తే లోపలంతా కుంకం. "శంకరమ్మ ఏడుస్తోందండీ. ముప్పై ఏళ్ళు ఆయన సామానుకి బొట్టు పెట్టిన చేత్తోనే పాడుచేశానని నెత్తి కొట్టుకుంటోంది. ఆయనేమో, పోనియ్యే, అమ్మవారికి కావాల్సొచ్చిందనుకో అని ఓదారుస్తున్నాడు."

నిజం రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. మొదట నాకు సంతోషమే వేసింది. తర్వాతే నోరు చేదయింది.

"రేపు ఆదివారం ఆయన్నే మనింటికి రమ్మన్నాను" అంది ఉదయశ్రీ. "మన గదిలోనే పాడతాను. ఆయన కూర్చుంటాడు."

మర్నాడు మధ్యాహ్నం కొమురెల్లి భుజం మీద తుండుగుడ్డతో వచ్చాడు. ఆయన వెనకే నేనూ గదిలోకి అడుగుపెట్టాను. తువ్వాలు విప్పేసిన ఒంటి ఫేడర్ పెట్టె బల్ల నడిమధ్యన ఉంది. బీరువా తాళం ఎక్కడుంటుందో మా ఆవిడకి తెలియదా?

కొమురెల్లి దాని ముందు నిలబడ్డాడు. "గిది హరిత సూపిచ్చిన ఒంటిదే గదా."

"ఊఁ."

"ఎప్పుడు దెచ్చిన్రు సారు?"

"ఈమధ్యే."

"మంచిదాన్నే తెచ్చుకున్నరు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది, గట్టిగా నాలుగు తిట్టినా బాగుండేది. తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. కూర్చుని చుట్టూ చూసి, "సారు, గీ బల్ల జర తిప్పుదమా? అక్క మొకం కనవడ్తలేదు" అన్నాడు.

నా బల్ల గోడవైపు ఉంటుంది. పదిహేనేళ్ళుగా పాడేవాళ్ళు నా వీపు వెనక నిలబడి పాడారు. నేను తెర చూస్తూ కూర్చున్నాను. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని బల్ల తిప్పాం. ఉదయశ్రీ ఎదురుగా నిలబడింది. పాట మొదలుపెట్టింది. ఆయన వేలు ఫేడర్ మీద ఆనీ ఆననట్టు ఉంది, కళ్ళు ఆవిడ నోటి మీద. మూడో చరణం వచ్చింది. 'నూనె ఉన్నంతసేపు నీ పేరు పలికేను' అన్న చోట గొంతు వణికింది. అలవాటు కొద్దీ ఆపమని నా చెయ్యి లేచింది. ఆయన నావైపు చూడకుండానే వంకర చిటికెన వేలు ఎత్తాడు. నేను ఆగాను. ఆవిడ వణుకుతూనే పాడింది, చివరిదాకా పాడింది. పన్నెండోసారికి మా అత్తగారి పాట పూర్తయింది.

"ఒకసారి వినుండ్రి" అని కొమురెల్లి లేచి, మంచినీళ్ళకి వంటింటి వైపు వెళ్ళాడు. నేను పాట మళ్ళీ పెట్టాను. ఫేడర్ దానంతటదే కదలడం మొదలుపెట్టింది. ఈసారి టకటకా లేదు. నా వేలు దాని మీద పెట్టాను. మోటారు నా వేలిని లాక్కుపోయింది. నేను నడపడం లేదు, ఆయన నడిపిన దారిలో నా వేలు పోతోంది. మూడో చరణం దగ్గర, పాట ఇంకా రాకముందే అది మెల్లగా పైకి ఎక్కింది. అక్కడ మాట లేదు, స్వరం లేదు. ఆవిడ ఊపిరి తీసుకోవడం మాత్రమే ఉంది. పదకొండు సార్లు నేను కోసి పారేసిన ఊపిరి అది. వణుకు వస్తుందని ఆయనకి ఆ ఊపిరిలోనే తెలిసింది. దాన్ని దాచలేదు. ఇంకాస్త ముందుకి తెచ్చి పెట్టాడు. మా అత్తగారు కూడా అక్కడ అలాగే వణికేవారని నాకప్పుడు గుర్తొచ్చింది.

తలెత్తాను. ఉదయశ్రీ నన్నే చూస్తోంది.

"ఆ పెట్టె ఆయనకిచ్చెయ్యండి" అంది. "మీ దగ్గరుంటే బీరువాలో ఉంటుంది."

ఇచ్చాను. ఆయన వద్దన్నాడు. ఆవిడే సంచీలో పెట్టి చేతికిచ్చింది. కార్తీకమంతా గుడి మైకులో ఆ పాట వచ్చింది. ఎవరు చేశారని అడిగినవాళ్ళకి కొమురెల్లి, "ఫణీంద్ర సారు స్టూడియోల జేసినం, సారు పెట్టెనే" అని చెప్పుకున్నాడు. అది పుండు మీద కారం. జనం నన్ను మెచ్చుకుంటుంటే తల వంచుకుని మెట్లెక్కాను. వాళ్ళు వినయమనుకున్నారు.

వెంకటరామయ్య గారూ, మీరడిగిన రెండు పేజీలు దాటిపోయాయి. కొమురెల్లి గొప్పవాడని రాయమన్నారు, రాశాను. ఆయనంటే నాకు కుళ్ళు. ఇది రాస్తున్న ఈ పూట కూడా కుళ్ళే. ఆ వేలు నాకెందుకు లేదని కుళ్ళు. నా పెళ్ళాం ఊపిరి నాకన్నా ముందు ఆయనకి వినబడిందని కుళ్ళు. అది పోయిందని అబద్ధమాడను.

కొమురెల్లికి చదవడం అంతగా రాదు. ఈ పుస్తకం వచ్చాక హరిత చదివి వినిపిస్తుంది. అమ్మా హరితా, నీ ఒంటి ఫేడర్ మాటే సరైనది, అది నాకు ఆ రోజే తెలుసు. ఇంకొక్క ముక్క ఉంది, దీన్ని మీ అమ్మకి రెండుసార్లు చదువు. దసరానాడు కుంకం ఆ గాళ్ళలోకి పోతుంటే నేను చూశాను. చూసి నోరు మూసుకున్నాను. శంకరమ్మా, పెట్టె పాడైంది నీ చేతి వల్ల కాదు.